పరాయి చేతులకు అందనంత ఎత్తులో: విదేశీ ప్రయాణానికి నడుం బెల్టు బేబీ క్యారియర్

వరంగల్ బస్టాండులో పక్కన కూర్చున్న పెద్దమ్మ "పిల్లను ఇటియ్యి బిడ్డా, నువ్వు పైసలు తీస్కో" అని చేతులు చాపితే ఇచ్చేస్తాం. ఆమె ఎవరో తెలియకపోయినా ఆమె మాట తెలుసు, వద్దనాలంటే నొప్పించకుండా ఎట్లా అనాలో తెలుసు. అవే చేతులు ఇస్తాంబుల్ ట్రామ్‌లోనో బ్యాంకాక్ హోటల్లోనో చాపినప్పుడు మాట రాదు. పిల్ల ఏడుస్తుంటుంది. ఎదుటివాళ్లు ముచ్చటపడే వచ్చారు కాబట్టి కసురుకోనూ లేం.

మన వైపు నుంచి చంటిపిల్లలతో విదేశాలకు వెళ్లేవాళ్లు తక్కువేం కాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌లో ఉన్న భర్త దగ్గరికి వెళ్లే తల్లులు, హన్మకొండ నుంచి ఏడాది పిల్లతో ఒక్కరే అమెరికా విమానం ఎక్కేవాళ్లు, సెలవులకు థాయ్‌లాండ్, వియత్నాం వెళ్లే జంటలు. సామాను కొనేటప్పుడు అందరికీ ఒకటే అనుమానం: తోసుకుపోయే బండి, అంటే స్ట్రోలర్ కొనాలా, ఒంటికి కట్టుకుని మోసే క్యారియర్ కొనాలా? దుకాణంలో బరువు, ధర, జేబులు చూపించి ఏదో ఒకటి చేతిలో పెడతారు. ఈ రివ్యూలో వేరే కొలత పెట్టుకున్నాం. కొత్తవాళ్లు పిల్ల మీదికి వంగినప్పుడు, బుగ్గ గిల్లబోయినప్పుడు, ఫోన్ తీసి ఫొటో తీయబోయినప్పుడు ఆ వస్తువు మీకు ఎంత అక్కరకొస్తుంది? ఆ లెక్కన చూస్తే రెండేళ్లలోపు పిల్లకు, పిల్లలు కనిపిస్తే జనం ఆగలేని దేశాలకు, నడుం బెల్టు ఉన్న మెత్తటి క్యారియర్‌దే పైచేయి. కంపెనీ పేర్ల జోలికి పోవడం లేదు. ఈ రకం క్యారియర్లన్నిటి కట్టుబడి దాదాపు ఒకటే, తేడాలు వచ్చేది కొన్ని భాగాల దగ్గరే.

ఆ భాగాలు ఇవి. మీ నడుం చుట్టూ వచ్చే వెడల్పాటి మెత్త బెల్టు. పిల్ల పిరుదుల నుంచి మెడదాకా పట్టి ఉంచే గుడ్డ పలక, దీన్ని ప్యానెల్ అంటారు. రెండు భుజం పట్టీలు. వీపు మీద ఆ రెండింటినీ కలిపే చిన్న క్లిప్పు. పెద్ద బకిల్ పక్కనే ఒక ఎలాస్టిక్ ఉంగరం. పలక పైఅంచున మడిచి పెట్టిన గుడ్డ టోపీ, అంటే హుడ్. సాధారణంగా మొత్తం బరువు కిలోకు లోపే.

స్ట్రోలర్‌లో పిల్ల తల దాదాపు పెద్దవాళ్ల మోకాలికి కాస్త పైన ఉంటుంది. ఎవరైనా వంగితే ముఖానికి ముఖం. తోసే మీరు వెనక ఉంటారు, పిల్ల ముఖం అటు ఉంటుంది. చేతిలో ఎవరు ఏం పెట్టారో మీకు కనపడదు. టర్కీలో దుకాణదారులు పిల్లలకు లోకుమ్ ముక్క ఇవ్వడం మామూలు మర్యాద. మెత్తగా, జిగటగా ఉండే ఆ మిఠాయిలో చాలాసార్లు పిస్తా, హేజెల్‌నట్ గింజలు ఉంటాయి. నాలుగేళ్లలోపు పిల్లకు గింజ గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది. తేనె కలిసినదైతే ఏడాది నిండని పిల్లకు అసలే పెట్టకూడదు, బొటులిజం అనే జబ్బు రావచ్చు. మీరు వంగి చూసేలోపే అది నోట్లోకి పోతుంది. అదే క్యారియర్‌లో పిల్ల ముఖం మీ ఛాతీ వైపు, తల మీ గడ్డం కింద ఉంటుంది. చేతులు పలక లోపల గానీ మీ చంకల దగ్గర గానీ ఉంటాయి. ఎవరైనా తాకాలంటే మీ ఊపిరి తగిలేంత దగ్గరికి రావాలి. ఎంత చనువున్న మనిషైనా అక్కడ ఒక్క క్షణం ఆగుతాడు, ముందు మీ ముఖం చూస్తాడు. ఆ క్షణం కోసమే ఈ వస్తువు. నవ్వి రమ్మంటారో, నవ్వుతూనే అర అడుగు పక్కకు తిరుగుతారో మీ ఇష్టం. స్ట్రోలర్‌ను అంత చప్పున తిప్పలేరు.

ఇందులో పిల్ల వయసు కూడా ఉంది. ఏడెనిమిది నెలలకు పిల్లలకు కొత్తముఖాల భయం మొదలై, ఏడాది దాటాక బాగా ముదురుతుంది. అంతకు ముందు ఎవరెత్తుకున్నా నవ్వే పిల్ల ఆ వయసులో గుక్కపట్టి ఏడిస్తే అది మొండితనం కాదు, ఎదుగుదలలో వచ్చే దశ. ఆ దశలో ఉన్న పిల్లను మర్యాద కోసం పరాయి చేతుల్లో పెట్టడం తప్పు. పిల్ల మీ చొక్కాలో ముఖం దాచుకుంటోందంటే తన జవాబు తను చెప్పినట్టే. క్యారియర్ ఉంటే ఆ జవాబును గౌరవించడం సులువవుతుంది.

మోసే పద్ధతులన్నీ ఈ పనికి రావు. చాలా క్యారియర్ల డబ్బాల మీద నాలుగు రకాల బొమ్మలు వేసి అమ్ముతారు: లోపలికి ముఖం, బయటికి ముఖం, తుంటి మీద, వీపు మీద. బయటికి ముఖం పెట్టి మోస్తే పిల్లను ఊరేగింపు పల్లకిలో కూర్చోబెట్టినట్టే. వచ్చేపోయేవాళ్లందరి చూపులు, చేతులు, ఫోన్లు సూటిగా పిల్ల మీదికే. పిల్లకు తిరిగి ముఖం దాచుకునే వీలే ఉండదు. అట్లా మోయడం మెడ బాగా నిలిచాకే, అదీ ఇరవై ముప్పై నిమిషాలకు మించకుండా. వీపు మీద మోస్తే మీకు తేలిక, కానీ జనంలో వెనక ఏం జరుగుతోందో తెలియదు. రోమ్‌లోనో బార్సిలోనాలోనో మెట్రోలో వీపు సంచి ముందుకు వేసుకుంటారు కదా, పిల్ల విషయంలోనూ అంతే. కొండ దారిలో నడిచేటప్పుడు వీపు మీద వేసుకోండి, బజారులో వద్దు. ఇక హిప్ సీట్ అని, నడుముకు గట్టి పీట కట్టి పిల్లను కూర్చోబెట్టే రకం ఈమధ్య మన దుకాణాల్లో బాగా కనిపిస్తోంది. సంకన ఎత్తుకునే అలవాటుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి అందరికీ నచ్చుతుంది. పై పలక లేకుండా వాడితే మాత్రం పిల్లను ఎవరైనా పూవు తెంపినట్టు తీసుకుపోవచ్చు. థాయ్‌లాండ్‌లో హోటల్ అమ్మాయిలు పిల్లను ఎత్తుకుని, మీరు తినేదాకా వంటింటి దాకా తిప్పి చూపించి తెస్తారు. అది వాళ్ల ప్రేమ. మీకు అది ఇష్టమైతే హిప్ సీట్ చాలు. లేకపోతే పలక, బకిల్ ఉన్నదే తీసుకోండి.

కొనేటప్పుడు మొదట చూడాల్సింది పలక అడుగు భాగం ఎంత వెడల్పుందన్నది. జేపీఎన్ రోడ్డులోనైనా హన్మకొండ చౌరస్తాలోనైనా కరీంనగర్‌లోనైనా చవక రకాల్లో అడుగు సన్నగా, చెయ్యి వెడల్పంత ఉండే క్యారియర్లు దొరుకుతాయి. అందులో పిల్ల బరువంతా కాళ్ల మధ్య పడి కాళ్లు తిన్నగా వేలాడతాయి. కావాల్సింది ఒక మోకాలి మడత నుంచి రెండో మోకాలి మడత దాకా గుడ్డ ఆనేది. మోకాళ్లు పిరుదుల కంటే కాస్త ఎత్తుగా, కప్ప కూర్చున్నట్టు ఉండాలి. "కాళ్లు అంత ఎడంగ పెడితే నడక వంకర వస్తది" అని నాయనమ్మలు భయపడతారు. వాళ్లకు చెప్పాల్సింది: మీరు సంకన ఎత్తుకున్నప్పుడు పిల్ల కాళ్లు సరిగ్గా ఇట్లనే ఉంటాయి. తుంటి కీలుకు మంచిది ఆ ఎడమే, కాళ్లు కలిపి తిన్నగా బిగించి చుట్టడం చెడ్డది. సన్న అడుగు క్యారియర్‌తో ఇంకో నష్టం కూడా ఉంది. కాళ్లు వేలాడే పిల్లకు పది నిమిషాల్లో చిరాకు పుడుతుంది, ఏడుస్తుంది. ఏడ్చే పిల్ల చుట్టూ జనం పోగవుతారు.

రెండోది హుడ్. కొన్నిటిలో అది కేవలం అలంకారం, రెండు చిన్న బొత్తాలకు తగిలించే బొటనవేలంత గుడ్డ. పనికొచ్చే హుడ్ పిల్ల తల వెనక భాగాన్నీ, రెండు పక్కలనూ కప్పేంత ఉండాలి, భుజం పట్టీ మీది గుండీకి ఒక చేత్తో తగిలించగలగాలి. దుకాణంలోనే ఒక చేత్తో ప్రయత్నించండి. హుడ్ వేస్తే పిల్ల పడుకున్నట్టు కనిపిస్తుంది, ఫొటోలు సగం ఆగిపోతాయి. హుడ్ తల వెనకే ఉండాలి, ముక్కు నోరు మీద వాలకూడదు. చున్నీ తీసి మొత్తం ముఖం మీద వేసే అలవాటు ఉంది మన దగ్గర, దిష్టి తగలకుండా అని. క్యారియర్ మీద గానీ స్ట్రోలర్ మీద గానీ అట్లా కప్పితే లోపల గాలి ఆడదు, వేడి పెరుగుతుంది. బ్యాంకాక్, దుబాయ్ ఎండల్లో అది ప్రమాదమే.

గుడ్డ విషయంలో మందపాటి కాన్వాస్ కంటే జాలీ పలక నయం. రెండు ఒళ్ల వేడి కలుస్తుంది, ఎంత జాలీ అయినా చెమట తప్పదు. ప్రతి అరగంటకు పిల్ల మెడ వెనక చెయ్యి పెట్టి చూడాలి. తడిగా, కాలుతున్నట్టు ఉంటే తీసి నీడలో కూర్చోవాలి. కూర్చున్న చోటే అందరూ పోగవుతారు కాబట్టి, బజారు మధ్య బెంచీ కంటే గోడ మూల ఉన్న టేబుల్ వెతుక్కోండి, పిల్లను గోడ వైపు ఉంచండి.

కట్టుకోవడం ఇట్లా. బెల్టు తుంటి మీద కాకుండా బొడ్డు ఎత్తుకు కాస్త కిందుగా గట్టిగా బిగించాలి. దాని కొసను ఎలాస్టిక్ ఉంగరంలోంచి పోనిచ్చాకే బకిల్ నొక్కాలి. బకిల్ ఊడినా ఆ ఉంగరం ఆపుతుంది. దాన్ని వాడనివాళ్లే ఎక్కువ. ఇప్పుడు పిల్లను ఛాతీకి ఆనించి, కాళ్లు రెండు వైపులా పెట్టి, పలక వీపు మీదికి లాగి, ఒక చెయ్యి పిల్ల వీపు మీద ఉంచే భుజం పట్టీలు వేసుకోవాలి. వీపు మీది క్లిప్పు చంకల ఎత్తులో ఉండాలి. మరీ కిందికి పోతే చేతికి అందదు, అప్పుడే కొత్తవాళ్లను "కొంచెం పెట్టండి" అని అడగాల్సి వస్తుంది. అట్లా అందకపోతే క్లిప్పు ముందే పెట్టుకుని పట్టీలను చొక్కాలా తల మీది నుంచి వేసుకోవచ్చు. చివరగా పిల్ల పిరుదుల కింద చెయ్యి పెట్టి కొద్దిగా మీ వైపు లోపలికి తోసి, పక్క పట్టీలు లాగాలి. వంగకుండా పిల్ల తల ముద్దు పెట్టుకోగలగాలి. పిల్ల గడ్డానికి, ఛాతీకి మధ్య రెండు వేళ్లు పట్టాలి. ముఖం ఎప్పుడూ కనిపించాలి. నాలుగు నెలలలోపు పిల్లకు ఈ మూడూ మరీ ముఖ్యం, గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి ఆడదు. నిద్రపోయాక పిల్ల ఒళ్లు వదులై కిందికి జారుతుంది కాబట్టి పడుకున్న ఐదు నిమిషాలకు మళ్లీ ఒకసారి పట్టీలు బిగించండి.

మన బట్టలతో, మన నగలతో వచ్చే చిక్కులు డబ్బాలో ఇచ్చే కాగితంలో ఉండవు. పుస్తెలతాడు, నల్లపూసలు సరిగ్గా పిల్ల బుగ్గ ఆనే చోట ఉంటాయి. గంట సేపు పడుకున్న పిల్ల బుగ్గ మీద పుస్తె అచ్చు ఎర్రగా పడుతుంది. విదేశాల్లో అది చూసినవాళ్లు దెబ్బ అనుకుంటారు. తాడును వీపు వైపు తిప్పి వేసుకోవాలి, లేదా జాకెట్టు లోపలికి దోపుకోవాలి. పిల్లకు వెండి మొలతాడు ఉంటే అది సరిగ్గా పలక కింది అంచుకు వస్తుంది. దాని కొక్కెం, ముడి కలిసే చోట చర్మం నొక్కుకుని కమిలిపోతుంది. ప్రయాణానికి వెండిది తీసి మెత్తటి నల్లదారం కట్టండి. వెండి పట్టగొలుసులు, మొలతాడు సెక్యూరిటీ దగ్గర మోగుతాయి కూడా. సిల్కు, సింథటిక్ చీరల మీద బెల్టు నిలవదు, కుచ్చిళ్లతో సహా కిందికి జారుతుంది. చీరే కట్టుకోవాలంటే కాటన్ చీర, కొంగు బెల్టు కింద బిగించి. చుడీదార్ అన్నిటికన్నా సుఖం. ఆపరేషన్ కాన్పు అయినవాళ్లు కుట్ల మీద బెల్టు పడుతుంది కాబట్టి డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టాలి.

కొత్తవాళ్ల చూపును పిలిచే ఇంకో రెండు సంగతులు మనవే. వేములవాడలోనో కొమురవెల్లిలోనో పుట్టువెంట్రుకలు తీయించి వారం తిరగకుండా విమానం ఎక్కే కుటుంబాలు ఉన్నాయి. మొక్కు మొక్కే, దాన్ని వాయిదా వేయమని ఎవరూ అనరు. అయితే యూరప్, అమెరికాల్లో గుండు ఉన్న చిన్నపిల్లను చూస్తే చాలామందికి ముందు గుర్తొచ్చేది క్యాన్సర్ మందులు. జాలిగా దగ్గరికి వచ్చి ఒంట్లో ఎట్లా ఉందని అడుగుతారు. గుడిలో తీయించామని ఒక్క ముక్క చెప్పడం నేర్చుకుని పెట్టుకోండి, ముఖం విప్పారుతుంది వాళ్లకు. గుండు మీద ఎండ నేరుగా పడకుండా హుడ్ గానీ మెత్తటి టోపీ గానీ తప్పనిసరి. పిల్లల పాస్‌పోర్టు మామూలుగా ఐదేళ్లకు ఇస్తారు. ఆరు నెలల వయసు ఫొటోలో జుట్టు, ఎదురుగా మూడేళ్ల గుండు అయితే ఇమ్మిగ్రేషన్ అధికారి ఇంకాస్త సేపు చూస్తాడు. ఆ కౌంటర్ దగ్గర హుడ్ తీసి, పిల్ల ముఖం బయటికి కనిపించేలా పట్టుకోవాలి.

రెండోది దిష్టిచుక్క. బుగ్గ మీద పెద్ద కాటుక చుక్క చూసి గాయమా, మచ్చా అని అడిగేవాళ్లు ఉంటారు. చాలా కాటుకల్లో సీసం ఉండటం వల్ల అమెరికాలో ఆహారం, మందులు, సౌందర్య సాధనాల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని అనుమతించిన రంగుల్లో చేర్చలేదు. చుక్క పెట్టకుండా మనసు ఒప్పదంటే అరికాలికి పెట్టండి, ఇంట్లో చేసిందైనా సరే కంట్లో పెట్టొద్దు. నిజానికి ఈ దిష్టి భయం మన ఒక్కరిదే కాదు. టర్కీలో పిల్లను మెచ్చుకున్నవాళ్లు వెంటనే "మాషల్లా" అంటారు, పిల్లల బట్టకు నీలికన్ను పూస గుచ్చుతారు. గ్రీసులో ముసలమ్మలు "ఫ్తూ ఫ్తూ" అని ఉమ్మినట్టు చప్పుడు చేస్తే అది మన "తూ తూ" లాంటిదే, కోప్పడొద్దు. వియత్నాంలో, థాయ్‌లాండ్‌లో పాతకాలం వాళ్లు పిల్ల ముద్దుగా ఉందని నోటితో అనకుండా "అసహ్యంగా ఉంది" అనే అర్థం వచ్చే మాట అంటారు, గాలీ ధూళీ తగలకూడదని. ఫోన్‌లో అనువాదం పెట్టి చూసి బాధపడేవాళ్లున్నారు. అది పొగడ్త.

ఏ దేశంలో ఈ క్యారియర్ ఎంత అవసరం అన్నది ఒక్కటిగా చెప్పలేం. టర్కీ, థాయ్‌లాండ్, వియత్నాం, దక్షిణ ఇటలీ లాంటి చోట్ల పిల్లను తాకడం, ఎత్తుకోవడం, ముద్దు పెట్టడం మామూలు. అక్కడ దీని విలువ పూర్తిగా తెలుస్తుంది. ఇస్తాంబుల్ పాతబస్తీ రాళ్ల దారుల్లో స్ట్రోలర్ చక్రం ఎట్లాగూ సరిగా తిరగదు. జపాన్ ఇందుకు పూర్తిగా వేరు. "కవాయీ" (ముద్దుగా ఉంది) అని దూరం నుంచి చెయ్యి ఊపుతారు, ముట్టుకోవడం అరుదు. 2014 నుంచి అక్కడి రైళ్లలో, బస్సుల్లో స్ట్రోలర్ మడవకుండానే ఎక్కవచ్చని ప్రభుత్వమే చెప్పింది, అందుకు ప్రత్యేక గుర్తు కూడా ఉంది. జపాన్ ఒక్కటే మీ ప్రయాణమైతే మంచి స్ట్రోలర్ చాలు. జర్మనీలో ముట్టుకోరు గానీ సలహా ఇస్తారు, పిల్ల నెత్తిన టోపీ లేదేమని వీధిలో ఆపి మరీ అడుగుతారు. ఫొటోల విషయంలో అక్కడ పట్టింపు ఎక్కువ. మనిషి బొమ్మను అనుమతి లేకుండా ప్రచురించకూడదనే చట్టం 1907 నుంచి ఉంది. దుబాయ్‌లో కూడా అనుమతి లేకుండా ఇతరుల ఫొటో తీయడం నేరం. ఈ రెండు చోట్లా మీ పిల్ల ఫొటో వద్దనడానికి మొహమాటపడాల్సిన పని లేదు, మీరూ ఇతరుల పిల్లల ఫొటోలు తీయకండి.

మాట సాయం కూడా కావాలి. వద్దు, ముట్టుకోకండి అనే మాటలు ఏ భాషలోనైనా ముఖం మీద కొట్టినట్టే ఉంటాయి. నొప్పించని మాట "పడుకుంది". టర్కీలో "ఉయుయోర్", ఇటలీలో "దోర్మె", థాయ్‌లో "లూక్ లప్ యూ", జపాన్‌లో "నేతే ఇమాస్". హుడ్ వేసి, గొంతు తగ్గించి ఈ ఒక్క మాట అంటే ఎవరైనా వేలు పెదవుల మీద పెట్టుకుని వెనక్కి తగ్గుతారు. ఊరుకోని మనిషి ఎదురైతే టర్కీలో "హస్తా" అంటే ఒంట్లో బాగాలేదని. మెలకువగా ఉండి పిల్ల కూడా నవ్వుతుంటే, పూర్తిగా వద్దనక్కర్లేదు. పిల్ల పాదం చూపించండి. క్యారియర్‌లో కాళ్లు ఎట్లాగూ రెండు పక్కలా బయటే ఉంటాయి. పాదం పట్టుకుని ఊపితే వాళ్లకూ తృప్తి, ముఖానికి, చేతికి వాళ్ల చెయ్యి తగలదు. చిన్నపిల్లలు చేతులు నోట్లో పెట్టుకుంటారు కాబట్టి జబ్బులు వచ్చే దారి అదే. పాదాలకు పల్చటి సాక్సులు తొడిగి, సాయంత్రం గదికి రాగానే మార్చేయండి. చంటిపిల్ల పెదవుల మీద, చేతుల మీద ముద్దు మాత్రం ఎవరినీ పెట్టనివ్వొద్దు.

విమానాశ్రయం దగ్గర క్యారియర్‌కు మార్కులు కొంచెం తగ్గుతాయి. వరంగల్ నుంచి జనగామ, భువనగిరి మీదుగా ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరేసరికి మూడు గంటలకు పైనే. పిల్ల అప్పటికే విసిగి ఉంటుంది. సెక్యూరిటీ దగ్గర చాలాసార్లు క్యారియర్ విప్పి ట్రేలో పెట్టమంటారు. వరసలో ముందుకు వచ్చాక కంగారుగా విప్పేకంటే, పది మంది ముందు ఉండగానే విప్పి మడిచి చేతిలో పెట్టుకోవడం మేలు. లేదంటే వెనకనున్న కొత్తవాళ్లు పిల్లను పట్టుకుంటామని వస్తారు. మంచికే వస్తారు గానీ, చెకింగ్ దగ్గర పిల్ల మీ చేతిలోనే ఉండాలి. విమానం ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు చాలా ఎయిర్‌లైన్లు క్యారియర్ వాడనివ్వవు. ఒళ్లో పిల్లకు వాళ్లే ఇచ్చే చిన్న బెల్టు వాడమంటారు, లేదా తమ పద్ధతి చెబుతారు. ఎగిరాక మాత్రం దీన్ని మించింది లేదు. ఒక్కరే వెళ్లే తల్లి బాత్రూంకు పోవాలంటే పక్క సీటు మనిషికి పిల్లను అప్పగించక్కర్లేదు. పదిహేను గంటల ప్రయాణంలో ఇది ఎంత పెద్ద సంగతో వెళ్లినవాళ్లకే తెలుసు. అమెరికాకు తల్లి ఒక్కరో తండ్రి ఒక్కరో పిల్లతో వెళ్తుంటే, రెండోవారి సమ్మతి పత్రం నోటరీ చేయించి దగ్గర పెట్టుకోమని అక్కడి సరిహద్దు అధికారులే సలహా ఇస్తారు. దాన్ని, పాస్‌పోర్టులను క్యారియర్ జేబులో పెట్టొద్దు. ట్రేలోకి పోయేది అదే కదా.

నడక వచ్చిన పిల్ల క్యారియర్‌లో ఎక్కువసేపు ఉండదు, దిగి పరుగెత్తాలంటుంది. ఆ వయసుకు చేతికి ఒక పట్టీ కట్టి దాని మీద మీ ఫోన్ నంబరు రాయండి, ముందు +91 తప్పకుండా ఉండాలి. పది అంకెలే రాస్తే విదేశంలో దొరికినవాళ్లు కలపలేరు. పిల్ల పేరు టోపీ మీద, చొక్కా మీద రాయించొద్దు. పేరు పెట్టి పిలిచినవాళ్లంతా తెలిసినవాళ్లే అనుకుంటుంది పిల్ల.

ధర విషయానికొస్తే సన్న అడుగు రకాలు వెయ్యి, రెండు వేలలో వస్తాయి. వెడల్పు అడుగు, పెద్ద హుడ్, జాలీ పలక ఉన్నవి నాలుగు వేల నుంచి ఎనిమిది వేల దాకా పెట్టాలి. ఒక్క ప్రయాణానికి అంత ఎందుకని అనిపిస్తే, వాడి పక్కన పెట్టిన బంధువులు ఎవరైనా ఉన్నారేమో అడగండి, చాలా ఇళ్లలో అటక మీద ఉంటుంది. వాడినదైతే ప్రతి బకిల్ పది సార్లు నొక్కి, విప్పి చూడాలి. టక్కుమనే చప్పుడు స్పష్టంగా రాకపోయినా, పళ్ల దగ్గర తెల్లటి గీతలా పగులు కనపడినా తీసుకోవద్దు. భుజం పట్టీ పలకలో కలిసే కుట్టును రెండు చేతులతో లాగి చూడండి. బట్ట ఎంత మురికైనా ఉతకొచ్చు, తెగిన కుట్టు మాత్రం ఇంట్లో వేసుకునేది కాదు. కొత్తదైనా పాతదైనా ప్రయాణానికి కనీసం నెల ముందే తెచ్చి, రోజూ సాయంత్రం భద్రకాళి బండ్ మీద అరగంట మోసి చూడండి. పిల్లకు అలవాటు కావాలి, మీ నడుముకూ కావాలి. తెలిసినవాళ్లు ఎదురై "ఇదేంది, పిల్లను ఇట్ల కట్టేసినవ్?" అని చేతులు చాపుతారు. నవ్వుతూ పక్కకు తిరగడం అక్కడే సాధన చేసుకోవచ్చు.

పిల్ల పన్నెండు పదమూడు కిలోలు దాటితే లేబుల్ మీద ఇరవై కిలోల దాకా అని ఉన్నా మీ వెన్ను ఒప్పుకోదు. ఆ బరువుకు తేలిక మడత స్ట్రోలర్ కూడా వెంట తీసుకుని, జనం ఉన్న చోట్లకు మాత్రమే క్యారియర్ వాడండి.